జెత్రో టల్ కచేరీకి నాయనను తీసుకుపోయాను, ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి

చల్క నేల (మహబూబ్‌నగర్):

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. చివర్లో ఒక ప్రశ్న ఉంది. దానికి జవాబు తెలిసినవాళ్ళు ఇక్కడే ఉంటారని నా నమ్మకం.

మా అక్క కాన్పుకని పోయిన డిసెంబరులో అమ్మ, నాయన, నేను ఇంగ్లండు వెళ్ళాం. అక్కడ బావ నా కోసం ఒక కచేరీకి రెండు టికెట్లు తీసి పెట్టాడు. జెత్రో టల్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు, అందులో పాడుతూ ఫ్లూట్ ఊదే ఇయాన్ ఆండర్సన్. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ ఇచ్చిన పాత క్యాసెట్టుతో మొదలై, ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్లూట్ నాతోనే ఉంది. బావే నాతో రావాల్సింది కానీ ఆ రోజు డ్యూటీ పడింది. అమ్మ పసిపిల్లను వదిలి రానంది. "నేనొస్త తియ్యి, ఇంట్ల కూసోని కూసోని కాళ్ళు పట్టేసినయ్" అని నాయన లేచాడు. ఆయనకు 71 ఏళ్ళు. కోయిలకొండ వైపు మా ఊళ్ళో మొన్నమొన్నటి దాకా వ్యవసాయం చేసిన మనిషి. భజనలు, యక్షగానం, రేడియో, అంతే ఆయన సంగీతం. అంతసేపు కూర్చుంటాడా, మధ్యలో పోదాం పా అంటే ఎట్లా అని నాకు ఒకటే టెన్షన్.

క్రిస్మస్‌కు ముందు ఇయాన్ ఆండర్సన్ అక్కడి పాత పెద్ద చర్చిలైన కెథడ్రల్స్‌లో కచేరీలు చేస్తుంటాడు. వచ్చిన డబ్బు ఆ కట్టడాల బాగోగులకు పోతుంది. మేము వెళ్ళింది అట్లాంటి దానికే. లోపలికి అడుగు పెట్టగానే నాయన తల పైకెత్తి కప్పు వంక చాలాసేపు చూశాడు. "మెదక్ చర్చి గూడ ఇట్లనే ఉంటది. గని ఈడ చలి ఎక్కువుంది" అన్నాడు. రాతి నేల, రాతి గోడలు, పాదాల నుంచి పైకి ఎక్కే చలి. ఊరి నుంచి తెచ్చుకున్న గొంగడి కప్పుకుని, మంకీ క్యాపు పెట్టుకుని కూర్చున్నాడు.

మా సీట్లకు ఎదురుగా ఒక స్తంభం. మా ఊరి రచ్చకట్ట మీది వేపచెట్టు మొదలంత లావు. టికెట్లు అమ్మిన వెబ్‌సైట్‌లో స్తంభం అడ్డమొస్తుందని ఎక్కడా రాయలేదు, ధర కూడా తగ్గించలేదు. బావ ఎంత పెట్టి కొన్నాడో తెలుసు కాబట్టి నాకు కడుపు మండింది. నాకు పక్కకు వంగితే సగం వేదిక కనబడుతోంది. నాయనకైతే రాయి తప్ప ఏమీ లేదు.

మొదటి సగంలో 'బూరే' ఎత్తుకున్నారు. జర్మన్ స్వరకర్త బాఖ్, లూట్ అనే తీగవాద్యానికి రాసిన చిన్న నాట్యపు వరస అది. 1969లో జెత్రో టల్ దాన్ని జాజ్ నడకలోకి తెచ్చుకుంది. సగం దూరం పోయిందో లేదో, నాయన నా మోచేయి పట్టుకుని చెవిలో అడిగాడు: "ఇద్దరున్నరారా? ఒకడు ఊదుతుండు, ఇంకొకడు ఎనకనుంచి మూలుగుతుండు."

ఇయాన్ ఊదుతూనే గొంతుతో కూనిరాగం కలుపుతాడని నేను ఎక్కడో చదివి తెలుసుకున్నాను. నాయనకు ఫ్లూట్ కనబడట్లేదు, మనిషి కనబడట్లేదు, అయినా రెండు నిమిషాల్లో ఆ రెండు గొంతులనూ విడదీసి పట్టుకున్నాడు. "ఒక్కడే నాయనా, ఊదుకుంటనే పాడుతడు" అంటే నమ్మలేదు. "ఊపిరి ఒక్కటే గదరా, రెండిట్లకు ఎట్ల సాలుతది?"

ఇంటర్వెల్‌లో మా పక్క వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి, మీ నాన్నగారికి ఏమీ కనబడటం లేదు కదా, నా సీటు తీసుకోమనండి అంది. 1970ల నుంచి ఇయాన్ కచేరీలు చూస్తోందట, ఈ సగం వింటే చాలంది. నాయన ఆమెకు రెండు చేతులు జోడించాడు. ఆమె కూడా అట్లాగే జోడించి స్తంభం వెనక్కి వెళ్ళి కూర్చుంది. రెండో సగంలో ఇయాన్ కుడికాలు మడిచి ఒంటికాలి మీద నిలబడి ఊదుతుంటే, నాయన పైకే అనేశాడు: "కిష్టయ్య లెక్క నిలవడ్డడు!"

ఇప్పుడు ప్రశ్న. ఇంటర్వెల్‌లో కాగితం కప్పులో టీ తాగుతూ, జెత్రో టల్ అంటే ఆయన పేరేనా అని నాయన అడిగాడు. కాదు, మూడు వందల ఏళ్ళ కింద ఇంగ్లండులో విత్తనాలు వేసే యంత్రం చేసిన రైతు పేరు, బ్యాండుకు అది పెట్టుకున్నారు అన్నాను. నాయన కప్పు కింద పెట్టేశాడు. "అంటే గొర్రా? ఎన్ని సాళ్ళది? జడ్డిగం ఎవరు పోసేటోళ్ళు, ఆయన పెండ్లామా?"

గొర్రు అంటే సాళ్ళలో విత్తనాలు వేసే మన పనిముట్టు, జడ్డిగం దాని మీద గింజలు పోసే గిన్నె. నా దగ్గర జవాబు లేదు. వచ్చినప్పటి నుంచి వారానికోసారి అడుగుతూనే ఉన్నాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

అప్పన్నపల్లి (మహబూబ్‌నగర్):

అన్నా, వీడియో ఉంటే పెట్టండి. ఆ స్తంభం ఫోటో అయినా సరే.

చల్క నేల:

వీడియో లేదు తమ్ముడూ. మొదట్లోనే చెప్తారు, ఫోన్లు తీయొద్దని. చివరి పాట 'లోకోమోటివ్ బ్రెత్' దగ్గర మాత్రం తీసుకోవచ్చన్నారు. అప్పటికి నాయన లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నేను ఆయన్నే చూస్తూ ఉండిపోయాను, ఫోన్ జేబులోనే ఉంది. రెండు గంటల సేపు మా ముందు ఒక్క వెలిగే తెర కూడా లేకపోవడం ఎంత బాగుంటుందో అక్కడే తెలిసింది.

మూసీ వంతెన (నల్గొండ):

మీ నాయన గారి మాటలు చదువుతుంటే కళ్ళ ముందు కనబడ్డాయి. కానీ మనసులో మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. నేనూ జెత్రో టల్‌ను చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణే. ఇప్పుడు దాన్ని జెత్రో టల్ అనాలంటే నాకు మనసొప్పదు. 1969 నుంచి నలభై ఏళ్ళకు పైగా ఆ గిటారు మార్టిన్ బార్‌ది. ఇప్పుడు ఆయన బ్యాండులో లేడు. ఇక ఇయాన్ గొంతు 1984 పర్యటన దగ్గరే దెబ్బతింది. 2020లో తనకు ఎప్పటినుంచో ఊపిరితిత్తుల జబ్బు ఉందని కూడా చెప్పాడు. 1947లో పుట్టిన మనిషి. 1971 నాటి రికార్డులో విన్న ఆ గొంతును మనసులో పెట్టుకుని వెళ్తే కష్టంగా ఉండదా? నేనైతే పాత రికార్డులే చాలనుకుంటాను. నచ్చిన మనిషి కష్టపడి పాడుతుంటే చూడలేను.

చల్క నేల:

అన్నా, మీరన్న భయంతోనే నేనూ వెళ్ళాను. చూసింది చూసినట్టు చెప్తాను.

గొంతు లేదు. పై స్వరాలు అందవు. 'ఆక్వాలంగ్' మొదటి లైన్లు దాదాపు మాటల్లాగా చెప్పాడు. కానీ ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో గమనిస్తే ఇంకో సంగతి కనబడుతుంది. పాట లైను చివర్న గొంతు ఆగిపోయే చోట ఫ్లూట్ పెదవికి ఆనుతుంది. ఒకప్పుడు గొంతు ఎక్కిన మెట్లు ఇప్పుడు ఫ్లూట్ ఎక్కుతోంది. రెండింటి మధ్య ఎక్కడా సందు ఉండదు. చర్చిలో ఒక స్వరం ఊదితే అది రాళ్ళలో తిరిగి తిరిగి చాలాసేపటికి గానీ పోదు. ఆ తిరిగే సమయంలోనే ఆయన ఊపిరి తీసుకునేవాడు. డ్రమ్స్ మాత్రం ఆ రాతి మోతలో ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి, వేగంగా పోయే పాటల్లో బాగా ఇబ్బందైంది. ఆ మాట కూడా చెప్పాలి.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో నేనే అడిగాను, ముసలాయన గొంతు ఎట్లుంది నాయనా అని. "మన బాలకిష్టమ్మ భజన గుడిల పెద్దాయన పాడిండు సూడు, పండ్లు ఊడినంక. గొంతు పోయింది గని యాడ ఆపాల్నో యాడ ఎత్తుకోవాల్నో పోలే. గట్లనే ఉన్నది" అన్నాడు. ఆ భజన నేనూ చిన్నప్పుడు విన్నాను. ఆయన పాడిన చివరి శ్రీరామనవమికి ఊరంతా నిద్ర మానుకుని కూర్చుంది.

ఇంకోటి. ఆయనవి అందరికీ తెలిసిన రెండు పాటల పేర్లు చూడండి, 'ఆక్వాలంగ్', 'లోకోమోటివ్ బ్రెత్'. మొదటిది నీళ్ళలో ఊపిరి పీల్చుకునే పరికరం, రెండోది రైలింజను ఊపిరి. రెండింట్లోనూ ఊపిరే ఉంది. రెండూ ఒకే ఆల్బమ్‌లోవి, 1971. ఇప్పుడు ఊపిరికి కొదవున్న మనిషి వాటిని పాడుతుంటే వినడం నాకు రికార్డులో దొరకనిది.

మూసీ వంతెన (నల్గొండ):

బాలకిష్టమ్మ గుడి మాట బాగా తగిలింది. మార్టిన్ బార్ సంగతిలో మాత్రం నా మాట మార్చుకోను.

రేవు దాటి (మిర్యాలగూడ):

నేను మీ అందరికంటే పెద్దవాణ్ణి అనుకుంటాను. ముసలి కళాకారులను చూడాలా వద్దా అంటే నేను చూడాలనే అంటాను, ఎందుకంటే ఒకసారి చూసి బతుకంతా దాచుకున్నాను.

2002 ఏప్రిల్, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, పింక్ ఫ్లాయిడ్ బ్యాండులో ఒకప్పుడు ఉన్న రోజర్ వాటర్స్. అప్పుడే ఉద్యోగంలో చేరాను. నల్గొండలో నాకు తప్ప ఆయన పేరు తెలిసినవాళ్ళు నా ఎరికలో ఇద్దరే, ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరాను. మేమెక్కిన ప్రైవేటు బస్సు అనంతపురం దాటాక ఆగిపోయింది. నాలుగు గంటలు రోడ్డు పక్కన కూర్చోబెట్టారు, ఒక్కరు వచ్చి ఏమైందో చెప్పలేదు. చివరికి టమాటా లారీ ఎక్కి వెళ్ళాం. గ్రౌండ్‌కు చేరేసరికి సాయంత్రమైంది.

స్పీకర్లు ముందు మాత్రమే కాదు, మైదానం చుట్టూ పెట్టారు. 'టైమ్' పాట మొదట్లో గడియారాలు మోగుతాయి కదా, అవి ఒక్కో దిక్కు నుంచి ఒక్కోటి మోగాయి. వేల మంది ఒకేసారి తల వెనక్కి తిప్పారు. వెనక ఏమీ లేదు, చెట్లున్నాయి, చీకటుంది. ఆ తలలు తిరగడం నాకు ఇప్పటికీ కనబడుతుంది. 'కంఫర్టబ్లీ నమ్' గిటారు మొదలైనప్పుడు నా పక్కనున్న మిత్రుడు, అందరికంటే మోటు మనిషి, నా చేయి గట్టిగా పట్టుకుని పాట అయ్యే దాకా వదలలేదు.

2007లో ముంబైకి మళ్ళీ వచ్చాడు. 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' మొత్తం వాయించాడు. ఇంట్లో పెళ్ళి ఉండి నేను పోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. చల్క నేల గారూ, మీ నాయనను తీసుకుపోయి మంచి పని చేశారు.

వెదురు పొద (వనపర్తి):

నేను పిల్లలకు వేణువు నేర్పుతాను. నాయన గారు అడిగిన "ఊపిరి రెండిట్లకు ఎట్ల సాలుతది" అనే మాట మీద కొంచెం చెప్పాలి.

ఫ్లూట్‌లో గాలి అంతా గొట్టంలోకి పోదు. పెదవి నుంచి సన్నటి పొరలాగా వచ్చి రంధ్రం అంచుకు తగిలి రెండుగా చీలుతుంది. ఆ చీలికే నాదం. అదే ఊపిరి గొంతు దాటి వస్తుంది కాబట్టి గొంతు తీగలు కూడా కదిలిస్తే రెండో నాదం పుడుతుంది. ఊపిరి ఒక్కటే, అది రెండు చోట్ల పలుకుతుంది. కానీ గాలి తొందరగా అయిపోతుంది, అందుకే చిన్న చిన్న ముక్కలుగా వాయించాలి. అమెరికా జాజ్ కళాకారుడు రహసాన్ రోలాండ్ కర్క్ ఇట్లా వాయించేవాడు. ఇయాన్ అక్కడి నుంచే అందుకున్నాడు. 1968లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో కర్క్ పాట ఒకటి వాయించాడు కూడా.

ఇంకో విషయం నా శిష్యులకు ఎప్పుడూ చెప్తాను. ఇయాన్ గిటారు వదిలేసి, అది ఇచ్చేసి బదులుగా ఒక ఫ్లూట్, ఒక మైకు తెచ్చుకున్నాడు. గురువు లేడు. ప్రపంచమంతా మెచ్చుకున్న ఎన్నో ఏళ్ళ తర్వాత, తన కూతురు బళ్ళో ఫ్లూట్ నేర్చుకుంటుంటే, తాను వేళ్ళు పెడుతున్న పద్ధతి తప్పని తెలిసింది. అంత పేరొచ్చాక కూర్చుని వేళ్ళు మళ్ళీ మొదటి నుంచి దిద్దుకున్నాడు. పన్నెండేళ్ళ పిల్లవాడికి వేలు జరిపి పెడితేనే ముఖం ముడుచుకుంటాడు. అందుకే ఈ కథ నాకు చాలా ఇష్టం.

మన వేణువుకు, వాళ్ళ ఫ్లూట్‌కు తేడా మాత్రం పెద్దది. వాళ్ళది లోహం, మీటలుంటాయి. మనది ఉత్త వెదురు, వేలి చర్మమే మూత. వేలు కొద్దికొద్దిగా జరిపితే స్వరం జారుతుంది, గమకం వస్తుంది. మీటతో ఆ జారుడు రాదు. ఆ లోటును ఆయన గొంతుతో, నాలుక అదిలింపుతో పూడ్చుకున్నాడని నాకు అనిపిస్తుంది.

కిష్టయ్యతో పోల్చింది సరిగ్గా సరిపోయింది కానీ ఒక చిన్న సవరణ. ఆ ఒంటికాలి నిలుపు ఫ్లూట్‌తో రాలేదు, మొదట్లో హార్మోనికా వాయించేటప్పుడు వచ్చింది. ఫ్లూట్‌కు తర్వాత అలవాటైంది.

తకతకిట (జడ్చర్ల):

వెదురు పొద అక్కా, బాగా చెప్పారు. నేను మృదంగం మనిషిని. రాక్ అంటే చెవులు మూసుకునేవాణ్ణి. మా మేనల్లుడు ఒకరోజు 'లివింగ్ ఇన్ ది పాస్ట్' పెట్టాడు, 1969 పాట. వింటూ వింటూ నా చేయి తొడ మీద దానంతట అదే పడింది. లెక్క చూస్తే అయిదు. ఖండ చాపు, తక తకిట. పాట మొత్తం అయిదులోనే పోతుంది, ఎక్కడా తడబడదు. అట్లాంటిది ఇంగ్లండులో రేడియోలో మోగి, జనం ఇంట్లో పాడుకున్న పాట.

తర్వాత రోజర్ వాటర్స్ వాళ్ళ 'మనీ' విన్నాను. అది ఏడు, మిశ్ర చాపు, తకిట తకదిమి. గిటారు సోలో వచ్చే చోట నాలుగులోకి మారుతుంది, మళ్ళీ ఏడుకు వస్తుంది. ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటని అడిగితే నేను ఇదే చెప్తాను. పాటను మూడు నిమిషాలకు, నాలుగు దెబ్బలకు కట్టెయ్యకుండా విప్పి విస్తరించడం. మనకు అది కొత్త కాదు కదా. పల్లవి తీసుకుని గంట సేపు పెంచేవాళ్ళం మనం.

అప్పన్నపల్లి (మహబూబ్‌నగర్):

ఇవేవీ నాకు తెలియవు. మొదలుపెట్టాలంటే ఏది వినాలి?

తకతకిట (జడ్చర్ల):

'బూరే' విను తమ్మీ. నాలుగు నిమిషాలు కూడా ఉండదు. తర్వాత 'లివింగ్ ఇన్ ది పాస్ట్', చేత్తో అయిదు వేసుకుంటూ. ఆ తర్వాత 'ఆక్వాలంగ్'.

రేవు దాటి (మిర్యాలగూడ):

అవి అయ్యాక ఒక రాత్రి తీరిక చేసుకుని 'థిక్ యాజ్ ఎ బ్రిక్', 1972. ఒకటే పాట, నలభై నిమిషాలు దాటుతుంది, ఎల్పీ, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డు, రెండు వైపులా అదే. దాని అట్ట ఒక పన్నెండు పేజీల ఊరి వార్తాపత్రిక. ఎనిమిదేళ్ళ పిల్లవాడు రాసిన కవితకు ఇది పాట అని ఒక కథ కల్పించి అందులో వేశారు. నేను ఆ ఎల్పీని హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను, పాటకంటే ముందు ఆ పేపరు మొత్తం చదివాను. ఒగ్గు కథ రాత్రంతా వినేవాళ్ళం మనం, నలభై నిమిషాలు ఎంత.

పాలెం దారి (నాగర్‌కర్నూల్):

చల్క నేల బాబూ, నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పాటల సంగతి నాకు తెలియదు, గొర్రు సంగతి తెలుసు. మీ నాయన గారు అడిగింది అసలైన ప్రశ్న. గొర్రు అనగానే అందరూ కర్రులు చూస్తారు, వెదురు గొట్టాలు చూస్తారు. రైతు మాత్రం జడ్డిగం ఎవరు పోస్తున్నారని అడుగుతాడు.

తెలియని పిల్లల కోసం చెప్తాను. మన గొర్రులో దిండు అనే అడ్డ దుంగకు కర్రులు బిగిస్తారు. ఒక్కో కర్రు వెనక ఒక వెదురు గొట్టం. ఆ గొట్టాలన్నీ పైకి వచ్చి ఒక చెక్క గిన్నెలో కలుస్తాయి, అదే జడ్డిగం. ముందు ఎద్దులు తోలేవాడు ఒకరు. వెనక నడుస్తూ పిడికిలితో గింజలు జడ్డిగంలో వదిలే మనిషి ఒకరు, ఎక్కువగా ఆడవాళ్ళు. గింజ ఎంత దూరానికి ఒకటి పడాలి, అన్ని గొట్టాల్లోకీ సమానంగా పోవాలి అనేదంతా ఆ చేతిలోనే ఉంది. చేయి ఒక్క క్షణం మరిస్తే ఆ సాలు బోడిగా మొలుస్తుంది, ఊరంతా చూస్తుంది.

జెత్రో టల్ 1674లో పుట్టాడు, 1701లో తన యంత్రం చేశాడు. ఒకేసారి మూడు సాళ్ళు. గుర్రంతో లాగించేవాడు. ఇక జడ్డిగం పోయడానికి మనిషి లేడు. అదే ఆయన చేసిన కొత్త పని. గింజల డబ్బా కింద గాడులు కోసిన కర్ర రోలరు ఒకటి, చక్రంతో పాటు తిరుగుతుంది. దాని మీద ఇత్తడి నాలుక, ఆ నాలుకను నొక్కి పట్టే స్ప్రింగు. గాడిలో పట్టినన్ని గింజలే కిందికి పోతాయి, మిగతావి నాలుక ఆపేస్తుంది. ఆ ఇత్తడి నాలుకే మీ నాయన గారు అడిగిన చేయి.

ఆ నాలుక, స్ప్రింగు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఆర్గాన్ నుంచి. ఆయన చిన్నప్పుడు ఆర్గాన్ నేర్చుకున్నాడు. ఆ వాద్యం పెట్టెలో గాలిని ఆపి వదిలే గాడి, నాలుక, స్ప్రింగు చూసి, గాలిని ఆపగలిగింది గింజను ఆపలేదా అనుకున్నాడు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన గొర్రు ఆయనకంటే చాలా పాతది. 1790లలో హాల్‌కాట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ దక్షిణ భారతంలో పొలం పక్క నుంచి గుర్రం మీద పోతూ గొర్రు చూసి ఆగిపోయాడు. ఇది ఈమధ్య యూరప్‌లో కనిపెట్టిందని అనుకున్నానే, ఇక్కడ తరతరాలుగా వాడుతున్నారు అని రాశాడు. అట్లాగని టల్ మన దగ్గర చూసి చేశాడని అనకూడదు. ఆయన దారి వేరు, మన వడ్రంగి దారి వేరు.

చల్క నేల:

సార్, మీకు ఎట్లా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మీ జవాబు నాయనకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆర్గాన్ దగ్గరికి రాగానే ఆపమన్నాడు.

ఎందుకంటే ఆ చర్చిలో మా నెత్తి మీదే ఆర్గాన్ ఉంది. గోడకు నిలువునా గొట్టాలు, చిన్నవి వేళ్ళంత, పెద్దవి తాడిచెట్టంత. మొదలయ్యే ముందు నాయన వాటిని చూపించి అవేంటని అడిగితే, గాలితో మోగే వాద్యం, అక్కడి చర్చిల్లో ఉంటుందని చెప్పాను. మధ్యలో ఆ చర్చి గాయకులు పాడిన క్రిస్మస్ పాటకు ఆర్గాన్ వాయించారు కూడా. నేల అదిరింది. అంటే జెత్రో టల్ అనే రైతుకు గొర్రు తోచింది అట్లాంటి గొట్టాల పెట్టెలోంచి, దాని కిందే కూర్చుని జెత్రో టల్ అనే బ్యాండును విన్నాం. ఆ రాత్రి ఈ సంగతి మాకు తెలియదు.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గొట్టాల్లకెళ్ళి గాలి పోయినా, గింజ పోయినా, ఇడిసే చెయ్యి సక్కగుండాలె" అన్నాడు.

మా గొర్రుకు జడ్డిగం పోసింది అమ్మే. పెళ్ళైన ఏడాది నుంచి ట్రాక్టరు వచ్చేదాకా. జొన్న, కంది, ఆముదం, వేరుశనగ. చుట్టుపక్కల నాలుగు ఇండ్లవాళ్ళు మృగశిర కార్తెలో అమ్మను బతిమాలి తీసుకుపోయేవాళ్ళు. చిన్నప్పుడు నాకు అది గొప్ప పనని ఎవరూ చెప్పలేదు.

ఆముదపు చేను (దేవరకొండ):

ఇది చదివి ఆగలేక రాస్తున్నాను. మా నానమ్మ కూడా జడ్డిగం పోసేది. కందిని 'అక్కడి సాలు', అంటే అంతర పంట వరస, వేసేటప్పుడు గొర్రు వెనక తాడుతో ఇంకో గొట్టం కట్టి లాగుతారు కదా, అది పట్టుకుని పోస్తూ నడిచేది. ఒక చేతిలో గొట్టం, ఇంకో చేతిలో గింజలు, చంకలో గింజల ఒడి. అట్లా నడుస్తూ పాట పాడేది. పాటకు అడుగు, అడుగుకు గింజ. పాట ఆగితే గింజలు ఎక్కువ తక్కువ పడతాయనేది. ఆ పాట మాకెవ్వరికీ రాదు. ఆమె పోయి ఆరేళ్ళైంది. చల్క నేల అన్నా, మీ అమ్మగారు పాడేవారా? పాడితే దయచేసి రికార్డు చేయండి. ఆలస్యం చేయకండి.

మూసీ వంతెన (నల్గొండ):

అవును, చేయండి. మంచి మైకు కావాలంటే నా దగ్గరుంది, మహబూబ్‌నగర్ వరకు నేనే తెచ్చిస్తాను.

చల్క నేల:

ఆదివారం ఊరికి పోయాం. మూసీ వంతెన అన్న నిజంగానే మైకు తీసుకుని నల్గొండ నుంచి వచ్చాడు. తకతకిట మామ జడ్చర్లలో ఎక్కాడు.

గొర్రు కొట్టంలో ఉంది, దిండుకు చెదలు పట్టింది. జడ్డిగం మాత్రం అటక మీద గోనెసంచిలో చుట్టి ఉంది. నాయన దాన్ని కడిగి, ఎండలో పెట్టి, పాత వెదురు గొట్టాలు మూడు బిగించి, వాకిట్లో రెండు మంచాల మధ్య నిలబెట్టాడు. గొట్టాల కింద మూడు చాటలు పెట్టాడు.

అమ్మను ఒప్పించడానికి గంట పట్టింది. ఇంతమంది ముందు ఏందిరా అంది. చివరికి కొంగు దోపుకుని చాటలోంచి పిడికెడు జొన్నలు తీసింది. నేను దగ్గరగా కూర్చుని చూశాను. పిడికిలి మూసే ఉంది. బొటనవేలు ఒక్కటే చూపుడువేలి మీద మెల్లగా కదులుతోంది, ఒక్కో కదలికకు నాలుగైదు గింజలు. మణికట్టు చిన్న చుట్టు తిరుగుతోంది, మూడు రంధ్రాల మీదుగా, ఎక్కడా ఆగకుండా. వెదురులో గింజలు జారే చప్పుడు సన్నని వాన రేకుల మీద పడ్డట్టుంది. రెండో పిడికిలికి అమ్మ తనకు తెలియకుండానే లోలోపల ఏదో అనుకోవడం మొదలుపెట్టింది. మాటలు లేవు, కూనిరాగమే. అది మైకులో పడింది. తకతకిట మామ తొడ మీద వేలు వేసుకుంటూ కళ్ళు మూసుకుని విన్నాడు. పదం గుర్తు లేదంది అమ్మ, వరసే వచ్చింది. ఆముదపు చేను చెల్లీ, రికార్డింగ్ రేపు పంపిస్తాను. మీ నానమ్మ వరస అదేనేమో విని చెప్పండి.

నాయన మూడు చాటలూ ముందేసుకుని కూర్చుని, గింజలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. 61, 63, 60.

"ఇత్తడి నాలుకైతే ఎన్ని పడుతుండెనో" అన్నాడు.

అమ్మ చాటలో చేయి పెట్టింది. "ఉండు, ఇంకో పిడికిలి పోస్త. మల్ల లెక్కవెట్టు."